నేలకు నిద్ర తెచ్చిన అంకాలు

మెట్టసీమ దాటి తూర్పుకు పోతే నేల వాలుతూ వాలుతూ వెళ్ళి సముద్రంలో పాదాలు తడుపుకుంటుంది. అక్కడ, ఇసుకదిబ్బల మీద మొగలిపొదలు గుబురుగా పెరిగే చోట, పూర్వం మొగలిరేవు అనే రాజ్యం ఉండేది. కేతవర్మ అనే రాజు దాన్ని ఏలేవాడు. ఆ రాజ్యానికి కరువు లేదు, శత్రువుల భయం లేదు, దొంగల బెడద లేదు. ఉన్న కష్టమల్లా ఒక్కటే. అక్కడ ఎవరికీ అలుపు తీరేది కాదు.

నిద్ర రాకపోవడం కాదు సుమా. తల వాల్చీ వాల్చగానే వచ్చేది. కానీ తెల్లారి లేచేసరికి ఒళ్ళు పడుకున్నప్పటికంటే బరువుగా ఉండేది. ఎద్దులు నాగటిచాలు మధ్యలోనే మోకాళ్ళ మీద కూలబడేవి. కోడి సగం కూత కూసి తక్కిన సగం మర్నాటికి దాచుకునేది. పిల్లలు దాగుడుమూతలు ఆడితే దాక్కున్నవాడు దాక్కున్నచోటే నిద్రపోయేవాడు, వెతకవలసినవాడు కళ్ళు మూసుకుని నిలబడి గురక పెట్టేవాడు. కొలువులో మంత్రి ఆవలిస్తే రాజు ఆవలించేవాడు, రాజు ఆవలిస్తే సభంతా ఆవలించేది. దాంతో ఆ పూటకు కొలువు ముగిసినట్టే.

పొలాలు మాత్రం ఎప్పుడు చూసినా పచ్చగానే ఉండేవి. ఒక మడి కోస్తుండగానే పక్క మడిలో నారు పోసేవారు. వేసవి అని లేదు, వాన అని లేదు. ఆ గింజలు వండుకు తింటే కడుపు నిండేది గాని ఒంట్లోకి బలం వచ్చేది కాదు.

ఈ సంగతులేవీ తెలియకుండా ఒక వేసవిలో మెట్టసీమ నుంచి ఒక గొర్రెలకాపరి కుటుంబం అక్కడికి వచ్చింది. తండ్రి పోతులయ్య, తల్లి వెంగమ్మ, కూతురు అంకాలు. మెట్టలో గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని పల్లపు పొలాలకు దిగడం వాళ్ళకు తాతల నాటి అలవాటు. కోత అయిన పొలంలో గుడారం వేసుకుంటారు. పగలంతా గొర్రెలను మేపి, సాయంత్రం ఆ పొలంలోనే ముళ్ళకంపతో దడి కట్టి మందను పడుకోబెడతారు. గొర్రెలు పడుకున్న నేలకు మంచి ఎరువు. ఇవాళ ఒక నేలచెక్కలో పడుకుంటే రేపు దాని పక్క చెక్కలోకి దడి జరుపుతారు. అలా పొలమంతా తిరిగేసరికి వానలు పడతాయి, రైతు ఇచ్చిన తిండిగింజలు గాడిద మీద వేసుకుని వాళ్ళు తమ సీమకు పోతారు. ఏటా వెళ్ళే పొలాల వైపు ఆ ఏడు నీళ్ళు లేక, పోతులయ్య మందను ఈ కొత్త దారి పట్టించాడు.

సముద్రానికి దగ్గరలో సూరంనాయుడి పొలం ఉంది. నాయుడు గట్టు మీద తలపాగా కళ్ళ మీదికి లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"మంద ఎక్కడ కట్టమంటారు బాబూ?" అని అడిగాడు పోతులయ్య.

"నీ ఇష్టం వచ్చినచోట కట్టుకో. వేలు చూపించే ఓపిక కూడా లేదు నాకు" అన్నాడు నాయుడు.

ఆ పొద్దునే కోసిన మడి ఒకటి ఖాళీగా కనబడితే అందులో దడి కట్టారు. మూడు గుంజలు పాతి పైన గొంగడి కప్పి గుడారం వేశారు. వెంగమ్మ జొన్నసంగటి కెలికింది. తిన్నాక పోతులయ్య కాపలాకర్ర అందుకోబోయాడు. మంద పడుకున్నప్పుడు ఒకరు తప్పనిసరిగా మేలుకుని ఉండాలి. "ఒకరి మెలకువే నలుగురికి నిద్ర" అనేది ఆయన రోజూ చెప్పే మాట. ఆ వంతు ఆయనదే. కానీ దారంతా ఆయన ఒక కుంటి గొర్రెపిల్లను భుజాన మోసుకుంటూ నడిచాడు.

"ఈ పూట వంతు నాదిలే అయ్యా. నువ్వు నడుం వాల్చు" అని కర్ర లాక్కుంది అంకాలు.

"నీకు ముంగురులు దువ్వుకోవడమే చేతకాదు, మంద కాస్తావా?" అని నవ్వి ఆయన పడుకున్నాడు. అదే ఆయన నవ్విన చివరి నవ్వు, కొన్నాళ్ళ దాకా.

తెల్లారింది. గొర్రెలు అరుస్తున్నాయి. తల్లి లేవలేదు, తండ్రి లేవలేదు. అంకాలు వెళ్ళి కుదిపింది.

"మెలకువగానే ఉన్నానమ్మా. చెయ్యి నాది కానట్టుంది" అన్నాడు పోతులయ్య. వెంగమ్మ కళ్ళు తెరిచి, కూతురి మొహం చూసి, ఏదో చెప్పబోయి మానేసింది. చెప్పడానికి కూడా ఓపిక చాల్లేదు.

అంకాలు పరుగున నాయుడి ఇంటికి వెళ్ళింది. నాయుడి భార్య అచ్చియమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు.

"అమ్మగోరూ, మా అయ్యా అమ్మా లేవడం లేదు!"

"లేవరే పిల్లా. అలవాటు లేనివాళ్ళు ఈ నేల మీద పడుకుంటే లేవరు. అలవాటున్న నేనే నిన్న అన్నం వండుదామని కూర్చున్నాను, ఇంకా లేవలేదు చూడు."

"మరి నాకేం కాలేదే?"

అచ్చియమ్మ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. "రాత్రి పడుకున్నావా?"

"లేదు. కాపలా ఉన్నాను."

"అదీ సంగతి" అని అచ్చియమ్మ గోడకు జారగిలబడి, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ, జరిగింది చెప్పింది. ఒకప్పుడు ఆ రాజ్యంలో ప్రతి పొలాన్నీ ఏడాదిలో కొన్నాళ్ళు బీడుగా వదిలేవారు. బీడంటే నేలకు నిద్ర. కేతవర్మ గద్దె ఎక్కాక, మేడ మీద నుంచి చూస్తే ఎక్కడా ఎండిన నేల కనబడకూడదన్నాడు. పడుకున్న నేల దండగ అన్నాడు. తన చేత్తోనే రాజుపొలంలో నాగలి దింపాడు, ఇక ఆ నాగలి ఆగకూడదన్నాడు. సరిగ్గా అప్పుడు ఇసుకకొండ రక్కసి వచ్చి, "నీకు అక్కర్లేని ఆ నిద్ర నాకిస్తావా?" అని అడిగింది. "పట్టుకుపో" అన్నాడు రాజు. రక్కసి నేల నిద్రనంతా చాపలా చుట్టి, మూట కట్టుకుని పోయింది.

"అప్పట్నుంచి నేల పాపం కన్ను మూయలేదు. దాని అలుపంతా మీద పడుకున్నవాడికి ఎక్కుతుంది. మీ గొర్రెలు నేలకు ఎరువే ఇస్తాయి, నాగలి లాగవు గనక వాటిని వదిలేసినట్టుంది."

"మంచం మీద పడుకుంటే?"

"మంచం కోళ్ళు ఆకాశంలో ఉంటాయా?"

"మరి ఎవరూ వెళ్ళి తేలేదా దాన్ని?"

"వెళ్ళకేం. యువరాజుగారు కత్తి కట్టుకుని గుర్రమెక్కి వెళ్ళారు. పొలిమేర చింతచెట్టు కింద ఒక్క కునుకు తీసి పోదామని దిగారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. గుర్రం కూడాను."

అంకాలు గుడారం వైపు చూసింది. దడి లోపల గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మంద ఒకేచోట ఉండిపోతే గిట్టలు కుళ్ళుతాయి. అయ్య లేవకపోతే దడి జరిపేవాళ్ళుండరు. మంద పోతే అయ్య లేచినా బతకలేడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"ఆ రక్కసి దగ్గరికి నేను పోతాను. నేను తిరిగొచ్చేదాకా మా మంద సంగతి చూస్తారా అమ్మగోరూ?"

అచ్చియమ్మ దడి వైపు చూసింది. "దడి జరుపుతాను. జరిపి అక్కడే కూలబడతాను. అంతకంటే నా వల్ల కాదు" అంది. అన్నమాట ప్రకారం గోడ పట్టుకుని లేచింది కూడా. ఆ రాజ్యంలో ఆ రోజు అంతకంటే పెద్ద సాహసం ఇంకెవరూ చేసి ఉండరు.

అంకాలు కాపలాకర్ర పట్టుకుంది. కొంగులో జొన్నరొట్టె కట్టుకుంది. తోడుగా బొల్లిగాడు బయలుదేరాడు. వాడు మందకు ముందు నడిచే పొట్టేలు. నుదుట తెల్లమచ్చ, మెడలో గంట, చెప్పలేనంత పొగరు.

ఎండ ఎక్కేసరికి వాళ్ళు మొగలిపొదల దగ్గరికి చేరారు. ఆ పొదల మధ్య ఒక ముని కనబడ్డాడు. ఆయన ఒంటికాలి మీద తపస్సు చేసేవాడట. ఇప్పుడు వెల్లకిలా పడుకుని, నియమం తప్పకుండా ఒక కాలు మాత్రం పైకెత్తి ఉంచాడు.

"దండాలు సామీ! ఇసుకకొండకు దారి చెబుతారా?"

"కాస్త నా మొహం మీద నీడ పడేలా నిలబడు తల్లీ. ఎండ కళ్ళలో పడుతోంది, తల తిప్పుకునే ఓపిక లేదు." అంకాలు నిలబడింది. ముని హాయిగా మూలిగాడు. "ఒడ్డు వెంబడి దక్షిణంగా పో. ఉప్పుటేరు వస్తుంది. అది దాటితే మడ అడవి. అడవి దాటితే ఇసుకకొండ. దారిలో ఎక్కడా ఒళ్ళు నేలకు ఆనించకు. ఆనించావో, నా పక్కన ఇంకో కాలు లేస్తుంది."

"వరమేదైనా ఇస్తారా సామీ?"

"వరమివ్వాలంటే చెయ్యెత్తాలి. ఉన్న ఓపికంతా కాలికే సరిపోతోంది. అయితే ఒక ఉపాయం చెబుతాను విను. ఆ రక్కసిని గెలవడానికి ఒకే ఒక్క మార్గం ఉంది. అదేమిటంటే..."

అంకాలు చెవి దగ్గరగా పెట్టింది. ముని గురక వినబడింది. పిలిచింది, కుదిపింది, బొల్లిగాడి గంట చెవిలో మోగించింది. లాభం లేకపోయింది. ఎత్తిన కాలు మాత్రం దిగలేదు.

"బాగుంది మన అదృష్టం" అని పొట్టేలుతో అని, ఆయన మొహం మీద రెండు మొగలాకులు నీడగా కప్పి అంకాలు ముందుకు నడిచింది.

ఒడ్డు వెంబడి నడక తేలిక కాదు. రాజు సముద్రపు ఒడ్డును కూడా వదల్లేదు. అల వచ్చి తాకే గీత దాకా దున్నించి చోడి గింజలు చల్లించాడు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒక తాబేలు ఉంది. పూరిల్లంత ఉంది. దాని కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎందుకేడుస్తున్నావు తాతా?" అని అడిగింది అంకాలు.

"తాతను కాను, అమ్మమ్మను. గుడ్లు పెట్టుకోవడానికి ఒడ్డుకొచ్చాను. మా అమ్మ పెట్టిన చోట నేను పెట్టాలి, నేను పెట్టిన చోట నా కూతురు పెట్టాలి. వచ్చి చూస్తే అంతా నాగటిచాళ్ళు. గుంట తవ్వితే మళ్ళీ నాగలి వస్తుంది, గుడ్లు చితుకుతాయి. నీళ్ళలోకి పోలేను, ఒడ్డున ఉండలేను. ఎన్నాళ్ళని మోయను?"

నాగలి ఎక్కలేని చోటు ఒకటి అంకాలుకు కనబడింది. మొగలివేళ్ళు అల్లుకున్న ఇసుకదిబ్బ వాలు. అక్కడ ఇసుక రాయిలా గట్టిగా ఉంది. తాబేలు రెక్కల్లాంటి కాళ్ళకు అది లొంగదు. అంకాలు కర్రతో పొడిచి, వేళ్ళు తెంపి, చేతులతో ఇసుక తోడింది. కూర్చుంటే ఒళ్ళు వాలిపోతుందన్న భయంతో వంగే ఉండి తవ్వింది. నడుం విరిగిపోతున్నట్టుంది. రాత్రి కాపలా, పగటి నడక, ఇప్పుడీ తవ్వకం. కళ్ళ ముందు ఇసుక రెండుగా కనబడింది. గుంట లోతు చాలనిపించాక తాబేలు బరువుగా పాకి వచ్చి గుడ్లు పెట్టి, రెక్కలతో ఇసుక కప్పింది.

"ఎక్కు నా మీద. ఏరు దాటిస్తాను. నీ మేకను కూడా ఎక్కించు" అంది తాబేలు.

మేక అన్నందుకు బొల్లిగాడు ఏరు దాటేదాకా మొహం తిప్పుకునే కూర్చున్నాడు.

ఏటికి అవతల మడ అడవి. చెట్లన్నీ బురదలోంచి వేళ్ళు పైకి ఎత్తి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు నిలబడి ఉన్నాయి. అడుగు పడితే మోకాలి దాకా దిగుతోంది. ఒక కాలు లాగేసరికి రెండోది కూరుకుపోతోంది. కాస్త లోపలికి వెళ్ళేసరికి ఒక చోట వేళ్ళ మధ్య మెత్తని పక్క కనబడింది. దూదిపరుపు, దాని మీద అమ్మ కుట్టిన బొంత. దాని చిరుగుకు వేసిన ఎర్రమాసిక కూడా అలాగే ఉంది.

"ఎంత అలిసిపోయావే తల్లీ. ఒక్క ఘడియ పడుకో. నేను లేపుతానుగా" అంది వెంగమ్మ గొంతు.

అంకాలు మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. పిలిచింది అమ్మ కాదని తెలుసు. తెలిసినా వంగాయి. అలిసినవాడికి తెలివి ఉన్నా లేనట్టే. చెయ్యి బొంతకు తగలబోతుండగా నడుం మీద పిడుగు పడ్డట్టయింది. బొల్లిగాడు వెనక్కి జరిగి, పరుగెత్తుకుంటూ వచ్చి పొడిచాడు. అంకాలు బోర్లా పడబోయి కర్ర ఊతతో నిలదొక్కుకుంది. చూస్తే పరుపు లేదు, బొంత లేదు. బురద బుడగలు వేస్తోంది.

"నీ కొమ్ములు విరగ! మెల్లగా లేపకూడదట్రా?" అని తిట్టి, వాడి మెడ కౌగలించుకుని ఏడ్చింది.

అప్పుడు ఆమెకు అయ్య నేర్పిన కాపరినిద్ర గుర్తొచ్చింది. కర్రను నేలలో గుచ్చి, రెండు చేతులూ దాని మీద వేసి, గడ్డం చేతుల మీద ఆనించి, ఒక పాదం రెండో మోకాలికి చేర్చి, కొంగలా నిలబడాలి. కళ్ళు మూతపడతాయి గాని చెవులు మూతపడవు. అంకాలు అలా నిలబడి నాలుగు కునుకులు తీసింది. అలుపు తీరలేదు. నడవడానికి చాలినంత మాత్రం తగ్గింది.

అడవి దాటాక ఇసుకకొండ. కొండ మీద రక్కసి ఉంది. తాటిచెట్టంత మనిషి, జడలు కట్టిన జుట్టు, ఎర్రగా వాచిపోయిన కళ్ళు. ఇంటి కప్పంత ఎత్తు మూటను తల కింద పెట్టుకుని పడుకుని, అటు పొర్లుతోంది, ఇటు పొర్లుతోంది. పొర్లినప్పుడల్లా ఇసుక జారి సముద్రంలో పడుతోంది. ఆమె పడుకున్నచోట నేల మాడి నల్లబడింది.

"ఎవరది?" అని ఉరిమింది. "కత్తి ఎక్కడ దాచావు?"

"కత్తి లేదు అవ్వా. కర్ర ఒక్కటే ఉంది."

"అవ్వా? నేను రక్కసినే! నన్ను చూసి భయపడాలి!"

"భయపడటానికి కూడా ఓపిక లేదు అవ్వా. రేపు భయపడతాను."

రక్కసి లేచి కూర్చుంది. ఆమెకు కూడా మింగేటంత ఓపిక ఉన్నట్టు లేదు. "ఈ మూట కోసమేగా వచ్చావు? ఇవ్వను. ఒక రాజ్యం నేలంతటి నిద్ర ఉంది ఇందులో. అయినా నాకు ఒక్క కునుకు పట్టలేదు. ఇంత ఉండీ పట్టనిది, ఇచ్చేస్తే పడుతుందా?"

"ఎందుకు పట్టదు?"

ఆ మాట ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. రక్కసి మూటను దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు కథలు వినలేదా? ఏ కథలో చూడు, రాకుమారుడు చెట్టెక్కి కూర్చుని రక్కసి ఎప్పుడు నిద్రపోతుందా అని కాచుకుంటాడు. గురక వినగానే దిగి పొడుస్తాడు. మా అమ్మ అలాగే పోయింది. మా మేనత్త అలాగే పోయింది. నేను కన్ను మూస్తే నన్ను మాత్రం ఎవరు బతకనిస్తారు? దానికి తోడు ఈ మూట వచ్చిపడింది. ఇప్పుడు దీన్ని కూడా కాచుకోవాలి."

అంకాలు మాడిన నేలను చూసింది, వాచిన కళ్ళను చూసింది. ముని చెప్పకుండా నిద్రపోయిన ఉపాయమేమిటో ఆమెకు తెలియదు. కాపరిబిడ్డకు తెలిసింది కాపలా ఒక్కటే.

"అవ్వా, మా గొర్రెలైనా నిన్న పడుకున్నచోట ఇవాళ పడుకోవు. నువ్వు ఒకేచోట పొర్లి నేలను మాడ్చావు. లేచి ఆ పక్క చల్లని ఇసుకలోకి రా. మూట ఇక్కడే ఉండనీ. నువ్వు పడుకో, నేను కాపలా ఉంటాను."

"నువ్వా! నేను పడుకోగానే మూట ఎత్తుకుపోవూ?"

"నమ్మకపోతే మేలుకునే ఉండు. నేను మాత్రం వంతు తీసుకుంటే తీసుకున్నట్టే. వంతు మధ్యలో వదిలిన కాపరికి మా వాళ్ళు మజ్జిగ కూడా పొయ్యరు."

రక్కసి అనుమానంగా చూసింది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్ళీ వెనక్కి చూసింది. చివరికి చల్లని ఇసుకలోకి వెళ్ళి, చిన్నపిల్లలా మోకాళ్ళు ముడుచుకుని, ఒక పక్కకు ఒరిగింది. "రాకుమారుడెవడైనా వస్తే?" అని గొణిగింది.

"మా పొట్టేలు చూసుకుంటాడు" అంది అంకాలు.

రక్కసి నిద్రపోయింది. కొండ కదలడం ఆగింది.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. మూట ఎదురుగా ఉంది. కాపలా లేదు. దొర్లించుకుంటూ పరుగెడితే ఆపేవాళ్ళు లేరు. అక్కడ అయ్య చెయ్యి ఎత్తలేక పడి ఉన్నాడు. అచ్చియమ్మ దడి జరిపిందో, కూలబడిందో. ఇక్కడ నిలబడే ప్రతి ఘడియా అక్కడ ఒక గొర్రె గిట్ట. "రక్కసికిచ్చిన మాట కూడా మాటేనా?" అనుకుంది అంకాలు. అనుకుని మూట దాకా నడిచింది. చెయ్యి వేసింది. మెత్తగా, వెచ్చగా, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలా ఉంది.

రక్కసి నిద్రలో నిట్టూర్చింది. ఎన్నేళ్ళుగానో లోపల ఆగిపోయిన నిట్టూర్పు అది. అంకాలు చెయ్యి తీసేసింది. కర్ర ఇసుకలో గుచ్చి, గడ్డం ఆనించి నిలబడింది. పొద్దు వాలింది, చుక్కలు పొడిచాయి, చుక్కలు మాయమయ్యాయి. ఆమె తూలినప్పుడల్లా బొల్లిగాడు కొమ్ము తగిలించాడు. కాళ్ళు వాచాయి. పెదవులు ఉప్పు పట్టి పగిలాయి. అయినా ఆ పిల్ల కూర్చోలేదు.

సూర్యుడు సముద్రంలోంచి లేచాక రక్కసి లేచింది. కళ్ళలో ఎరుపు లేదు. చుట్టూ చూసింది. మూట ఉంది, పిల్ల ఉంది, తన తల మెడ మీదే ఉంది.

"ఉన్నావా!" అంది. ఒళ్ళు విరుచుకుంది, ఎముకలు పటపటమన్నాయి. "ఓసి పిల్లా, నిద్రంటే ఇదా! దీనికి మూట ఎందుకు? మేలుకుని ఉండే మనిషి ఒకరుంటే చాలునా?"

"అంతే అవ్వా. ఒకరి మెలకువే నలుగురికి నిద్ర."

రక్కసి మూటను అరచేతుల మధ్య నొక్కి, అంకాలు భుజానికి పట్టేటంత చేసి ఎత్తింది. "పట్టుకుపో. ఒక్క మాట గుర్తుంచుకో. దీన్ని మనిషి మీద కప్పితే ఆ మనిషి ఒక్కడే లేస్తాడు, మూట అక్కడితో అయిపోతుంది. నేలకే పరవాలి. నేలకు ఇంకాలంటే నాగలి దింపిన చెయ్యే నాగలి తియ్యాలి." ఆ మాట చెప్పి, పిల్లనూ పొట్టేలునూ చంకనెత్తుకుని నాలుగు అంగల్లో మడ అడవి దాటించింది. ఏటి దగ్గర తాబేలు కాచుకుని ఉంది.

చింతచెట్టు కింద యువరాజు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మొగలిపొదల్లో ముని కాలు ఇంకా పైనే ఉంది. అంకాలు ఆగలేదు. ఆగితే మళ్ళీ అడుగు పడదని ఆమెకు తెలుసు.

నాయుడి పొలం కనబడింది. దడి జరిగి ఉంది. అచ్చియమ్మ దడికి ఆనుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా కదలకుండా కూర్చుని ఉంది. గొర్రెలు చిక్కిపోయాయి గాని నిలబడే ఉన్నాయి. గుడారంలో పోతులయ్య మొహం పాలిపోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాడు. ఊపిరి ఉందో లేదో వంగి చూస్తే గాని తెలియలేదు.

"అయ్యా, తెచ్చాను" అంది అంకాలు. మూట ముడి మీద చెయ్యి వేసింది. రక్కసి చెప్పింది గుర్తుంది. అయినా ముడి సగం విప్పింది. ఎదురుగా పడి ఉన్నది అయ్య. రాజ్యం ఆమెకు ఏమవుతుంది?

పోతులయ్య కళ్ళు తెరిచాడు. చూపు కూతురి మీద కాదు, దడి మీద పడింది. "మంద... మేసిందా?" అన్నాడు.

వాళ్ళ ఇంట్లో మంద మేయనిదే ఎవరూ అన్నం ముట్టరు. మందకు మేత ఇచ్చేది నేల. అంకాలు ముడి మళ్ళీ బిగించింది. బిగిస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

రక్కసి మూట తిరిగి వచ్చిందన్న కబురు ఎలా పాకిందో గాని, కేతవర్మ పల్లకీ ఎక్కి బయలుదేరాడు. బోయీలు దారిలోనే పల్లకీ దించి పడుకున్నారు. రాజు కిరీటం చంకలో పెట్టుకుని నడిచి వచ్చాడు.

"పిల్లా, ఆ మూట నాకియ్యి. సగం రాజ్యమిస్తాను" అన్నాడు ఆయాసపడుతూ.

"పడుకోవడానికి చోటు లేని రాజ్యం నాకెందుకు దొరా? ఇది మీదీ కాదు, నాదీ కాదు. నేలది. మీరు దింపిన నాగలి మీ చేత్తోనే తీయాలట. తీస్తారా?"

"తీస్తే పొలం ఎండిపోయి కనబడుతుంది కదా" అన్నాడు రాజు. అతని గొంతులో గర్వం లేదు, పాత భయం మాత్రం ఉంది. "ఎండిన నేలను చూస్తే నాకు కరువు గుర్తొస్తుంది. చిన్నప్పుడు చూశాను."

"పడుకున్న మా అయ్యను చూస్తే నాకూ భయమే దొరా. కానీ పడుకోకపోతే లేచేదెలా?"

రాజు ఆ పిల్ల వాచిన పాదాలను చూశాడు. పక్కనే రాజుపొలం. అందులో నాగలి చాలులోనే ఉంది, ఎద్దులు కాడి కిందే కూలబడి ఉన్నాయి. కేతవర్మ వంగి మేడి పట్టుకున్నాడు. నాగలి రాలేదు. మళ్ళీ లాగాడు. చేతులు బొబ్బలెక్కాయి. మూడోసారి లాగితే కర్రు పైకి వచ్చింది. తన చేత్తోనే ఎద్దుల మెడల మీద నుంచి కాడి దించాడు.

అంకాలు మూట విప్పి చాలు పొడుగునా పరిచింది. ఎండిన నేలలో తొలకరి ఇంకినట్టు అది ఇంకిపోయింది. పొలం నుంచి పొలానికి, గట్టు నుంచి గట్టుకు, సముద్రం దాకా నేల ఒక్క నిట్టూర్పు విడిచింది. అలలు కూడా కాసేపు మెల్లగా వచ్చాయి. ఎద్దులు తలలు వాల్చాయి. సూరంనాయుడు గట్టు మీదే ఒరిగాడు. అచ్చియమ్మ ఒళ్ళో కుంటిపిల్లను పెట్టుకుని కళ్ళు మూసింది. పోతులయ్య ఊపిరి బరువు తగ్గి, పక్కకు తిరిగి, గురక పెట్టాడు. ఆ గురక వింటే చాలు, ఈసారిది లేచే నిద్ర అని తెలుస్తుంది.

మిట్టమధ్యాహ్నం. రాజ్యమంతా పడుకుంది. మంద కూడా పడుకుంది. మరి కాపలా ఎవరు? అంకాలు కర్ర కోసం చెయ్యి చాపింది. చెయ్యి అందలేదు.

కర్ర రాజు చేతిలో ఉంది. "ఈ పూట వంతు నాది. ఎలా నిలబడాలో చూపించు" అన్నాడు కేతవర్మ.

అంకాలు చూపించింది. గడ్డం ఇలా, పాదం ఇలా. రాజు కొంగలా నిలబడ్డాడు. ఆ పిల్ల గుడారంలోకి పోయి, అమ్మా అయ్యల మధ్య దూరి, ఒళ్ళు నేలకు ఆనించింది. నేల చల్లగా ఉంది. తను ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు.

బయట రాజు ఒకసారి తూలాడు. బొల్లిగాడు వెనక్కి జరిగి, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఒక్కటి ఇచ్చాడు. అంతటితో రాజు మళ్ళీ తూలలేదు.

ఆ తర్వాత మొగలిరేవులో ప్రతి పొలమూ ఏటా కొన్నాళ్ళు బీడుగా పడుకునేది. ఒడ్డు తాబేళ్ళకు వదిలేశారు. వేసవి రాగానే మెట్టసీమ మందలు దిగేవి, గుడారాలు లేచేవి. మొదటి పూట కాపలా వంతు రాజుదే. కేతవర్మ కాలంలోనూ అంతే, చింతచెట్టు కింద లేచి ఆవలించి "రక్కసి ఎక్కడ?" అని అడిగిన యువరాజు కాలంలోనూ అంతే. అంకాలు పెద్దదై ఆ సీమ మందలన్నిటికీ పెద్దయింది. ఏటికి అవతల ఇసుకకొండకు అప్పుడప్పుడు కర్ర పట్టుకుని వెళ్ళి, ఒక పూట నిలబడి వచ్చేది. ఎందుకని అడిగితే, "అవ్వ ఒక కునుకు తీస్తానంది" అనేది.

కథ ఇక్కడ కాడి దించింది. మీరూ పడుకోండి. మేలుకుని ఉండే వంతు ఈ పూటకు నాది.